జింకు బిళ్ళలూ నోని సీసాలూ

నాకు 72 ఏళ్ళు. అందులో 34 ఏళ్ళు పోర్ట్‌బ్లెయిర్ ఫీనిక్స్ బే డాక్‌యార్డులో, ఓడల అడుగున గడిచాయి. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గాని, నా నోరు ఇంకా పాతపేరు దగ్గరే లంగరేసుకుని ఉంది. మా నాన్న శ్రీకాకుళం జిల్లా సముద్రపుటొడ్డు పల్లె నుంచి విశాఖ వెళ్ళి, అక్కడ ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, నా పిల్లలూ ఇక్కడే పుట్టారు.

ఈమధ్య అబర్దీన్ బజారులో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న. "మీ రెండో అబ్బాయి కుదుటపడ్డాడటగా, ఏం తాగించారు?" వాళ్ళకు కావలసింది ఒక సీసా పేరు. రెండున్నరేళ్ళు నేనూ అలాగే అడుగుతూ తిరిగాను గనక వాళ్ళను తప్పుపట్టలేను. నా దగ్గర ఉన్నవి సీసా పేర్లు కావు, చేసిన పొరపాట్లు. వాటినే వరసగా చెబుతాను. వినే ఓపిక ఉన్న చిన్నవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారనుకుంటున్నాను.

1. పోలిక కుదిరినంత మాత్రాన మందు కుదరదు.

సీసాలు అమ్మే ఒకాయన మా వరండాలో కూర్చుని పైకప్పు రేకుల వైపు వేలు చూపించాడు. "బాబాయ్, ఈ రేకులకు తుప్పెందుకు పట్టింది? గాలిలో ఆక్సిజన్ వల్ల. మెదడూ అంతే. మీ అబ్బాయి మెదడుకు తుప్పు పట్టింది. మొక్కల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లు ఆ తుప్పును వదిలిస్తాయి." ఇంకొకరైతే అనుమానపడేవారేమో. నేను తుప్పుతో బతికినవాణ్ణి. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన, పన్నెండు నెలలూ ఉప్పుగాలి ఉండే ఈ దీవుల్లో ఇనుము ఎలా కరిగిపోతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని గర్వం. చిప్పింగ్ సుత్తితో కొట్టి, గీకి, రెడాక్సైడ్ పూసి, మళ్ళీ రెండేళ్ళకు అదే ఓడను అదే చోట కొట్టిన చేతులు ఇవి. ఆయన నా వృత్తి భాషలో మాట్లాడాడు. నేను పడిపోయాను.

ఆయన చెప్పినదంతా అబద్ధమా అంటే కాదు, చిక్కంతా అక్కడే ఉంది. మనం పీల్చే ఆక్సిజన్ లోపల పనిచేస్తుంటే ఫ్రీ రాడికల్స్ అనే తుంటరి అణువులు పుడతాయి. ముసలితనానికి అవే కారణమని డెన్‌హమ్ హార్మన్ అనే శాస్త్రవేత్త 1956లోనే రాశాడు. ఏడీహెచ్‌డీ (మావాడికి ఉందని తరవాత తేలిన, ధ్యాస నిలవని తేడా) ఉన్నవాళ్ళ రక్తంలో ఈ తుప్పు ఆనవాళ్ళు కొంచెం తేడాగా ఉన్నాయని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పాయి కూడా. కాని, అబ్బాయ్, బిల్జ్ నీళ్ళు ఎర్రగా కనిపిస్తే ఓడలో ఎక్కడో తుప్పుందని తెలుస్తుంది. ఇంజను ఎందుకు ఆగిందో తెలియదు. ఓడ రేకు మీద అనుమానం వస్తే నేను సుత్తితో తట్టి శబ్దం వినేవాణ్ణి, మందం కొలిపించేవాణ్ణి, ఆ తరవాతే రేకు మార్చమని రాసేవాణ్ణి. నా కొడుకు విషయంలో తట్టిందీ లేదు, కొలిచిందీ లేదు. నేరుగా రంగు పూయడం మొదలుపెట్టాను.

తరవాత డాక్టరు చెప్పిన మాట ఇది. ఏడీహెచ్‌డీ చాలావరకు పుట్టుకతో వచ్చే తీరు. కవలల మీద చేసిన అధ్యయనాలు చూస్తే నూటికి 70 పాళ్ళకు పైగా వంశపారంపర్యమే. డోపమిన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాల రాకపోకల్లో తేడా. అంటే గాలికి పట్టిన తుప్పు కాదు, ఓడను కట్టినప్పుడే వచ్చిన వాటం. ఒక పక్కకు వాలే పడవను నడపడం నేర్చుకోవాలి గాని, దాన్ని గీకుతూ కూర్చుంటే ఏం లాభం?

2. పేరు తెలియని జబ్బుకు తిట్టే మందవుతుంది.

మా రెండోవాడు చిన్నప్పుడు ఒక్క వానాకాలంలో మూడు గొడుగులు పారేశాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో గొడుగు పోవడమంటే ఏమిటో ఇక్కడి వాళ్ళకే తెలుసు. పరీక్షలో చివరి పేజీ తిప్పకుండానే వచ్చేసేవాడు. చెప్పులు ఎప్పుడూ ఒంటివే. చింతబరికె తీసుకునేవాణ్ణి. కొట్టిన దెబ్బలు ఇప్పుడు లెక్కపెట్టలేను, వాడూ లెక్కపెట్టుకోలేదంటాడు. అది నన్ను ఓదార్చడానికే అంటాడని నాకు తెలుసు.

పెద్దవాడయ్యాడు. విశాఖలో రెండేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారి, ఓడెక్కి తిరిగొచ్చాడు. బజారులో బోటు టికెట్లు, గదులు బుక్ చేసే చిన్న కౌంటరు పెట్టించాను. ఒక జనవరిలో మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం, ముసలివాళ్ళతో సహా, హేవలాక్ బోటు కోసం పెట్టెలతో జెట్టీ మీద నిలబడ్డారు. టికెట్లు లేవు. మావాడు డబ్బు తీసుకున్నాడు, చీటీ రాసుకున్నాడు, చీటీ చొక్కా జేబులో పెట్టాడు, చొక్కా ఉతుక్కి పోయింది. ఆ రాత్రి కోడలి ముందే అన్నాను, "నీకు పెళ్ళి చెయ్యడమేరా నేను చేసిన తప్పు" అని. చీటీ ఉతుకులో పోయింది. ఆ మాట మాత్రం పోలేదు.

నన్ను మోసం చేసిన సంగతి ఇంకొకటుంది. పాడైన అవుట్‌బోర్డు మోటారు చేతికిస్తే వాడు తిండీ నీళ్ళూ లేకుండా రాత్రి రెండింటి దాకా దానిముందే కూర్చుంటాడు. "ఇష్టమైన పనికి బుద్ధి బాగానే నిలుస్తుందే! మిగతాదంతా బద్ధకం" అనుకున్నాను. ఇష్టమైనదానికి అతుక్కుపోవడం, అవసరమైనదానికి అతకలేకపోవడం ఒకే తేడాకు రెండు ముఖాలని ఎవరూ చెప్పలేదు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు 1902లోనే ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడట. కాని చాలాకాలం దీన్ని పిల్లల వ్యవహారంగానే చూశారు. పెద్దవాళ్ళలో లక్షణాలు ఎన్ని ఉంటే లెక్కలోకి తీసుకోవాలో అమెరికా వైద్యుల పుస్తకంలో విడిగా రాసింది 2013లో. పిల్లలకు ఆరు, పెద్దలకు ఐదు. వయసుతో కాళ్ళ పరుగు తగ్గుతుంది, లోపలి పరుగు తగ్గదు.

3. పెరట్లో చెట్టుకు దక్కని గౌరవం సీసాకు దక్కుతుంది.

ఆయన ఇచ్చిన మొదటి సీసా నోని రసం. ఇందులో హాస్యం ఈ దీవుల వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. నోని ఇక్కడ సముద్రపు ఒడ్డున ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. దాని గింజలో గాలి సంచి లాంటిది ఉంటుంది. అది నీళ్ళ మీద తేలుతూ దీవి నుంచి దీవికి పోతుంది. నికోబారీలు లొరాంగ్ అంటారు. మా నాయనమ్మ అయితే తొగరు అనేది. మన ఊళ్ళలో దాని వేళ్ళతో బట్టకు ఎర్రరంగు వేసేవాళ్ళు, పండును ఎవరూ ఇంటికి తెచ్చేవారు కాదు. పండితే పులిసిపోయిన జున్ను వాసన. చిన్నప్పుడు మేము ఆ పండ్లతో కొట్టుకునేవాళ్ళం. గారచర్మాలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు ఈ చెట్టు మీద ఏళ్ళ తరబడి పనిచేసి సంజీవిని, సంపద, సమృద్ధి, రక్షక్ అని రకాలు కూడా విడుదల చేశారు. రైతుకు అది మంచి పనే. కాని నా పెరటి గోడ అవతల రాలిపడే పండును ముక్కు మూసుకుని దాటిపోయి, అదే పండు రసాన్ని వెయ్యీ రెండువందలు పెట్టి కొన్న తెలివి నాది.

అది చాలలేదని పైన్ చెట్టు బెరడు సారం బిళ్ళలు తెప్పించాను. ఫ్రాన్స్ నైరుతి మూల సముద్రతీరపు పైన్ చెట్ల బెరడు నుంచి తీస్తారు. ఆపైన గింకో, బ్రహ్మి కలిపిన గొట్టం మాత్రలు. బ్రహ్మి అంటే ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క మొక్కను చూపిస్తాడు. మనవాళ్ళు సరస్వతి ఆకు అనే దాన్నే ఉత్తరాది వాళ్ళు కొందరు బ్రహ్మి అంటారు, మరికొందరు వేరే మొక్కను అంటారు. గొట్టంలో ఏది ఉందో ఆ గొట్టానికే తెలియాలి.

ఇవన్నీ నా చేతిలోకి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబులు పనిచేయడం మొదలుపెట్టింది. అంతకుముందు ఫోన్లో ఒక్క ఫొటో తెరుచుకునేలోపు టీ మరిగేది. ఆ తరవాత వీడియోలు వరదలా వచ్చాయి. మతిమరుపు అని ఒకసారి వెతికితే, వారం రోజులు ప్రతి తెర మీదా ఒక సీసా. అదే కేబులు మీద మంచి డాక్టరు కూడా వచ్చి ఉండేవాడు, నేను వెతకలేదు. నెలకు నాలుగు వేల పైచిలుకు నా పెన్షన్లోంచి పోయేది. డబ్బు సంగతి పోనీండి.

4. పరిశోధన అన్నప్పుడు, ఎవరి మీద చేశారని అడగాలి.

"యూరప్‌లో నిరూపించారు బాబాయ్" అన్నాడు ఆయన. నిరూపించారా? మా మనవరాలు నర్సింగు చదువుతోంది. అది ఒక సెలవుల్లో కూర్చుని ఒక్కొక్కటీ తెలుగులో విప్పి చెప్పింది. పైన్ బెరడు మీద స్లొవేకియా వాళ్ళు 2006లో చేసిన పరీక్షలో 61 మంది. ఒక నెల వాడితే అల్లరి, పరధ్యానం తగ్గాయి. ఆపిన నెలకు తిరిగి వచ్చాయి. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఆ 61 మందీ పిల్లలు. మావాడికి అప్పటికి 36.

"పెద్దల మీద లేదా?" అన్నాను. ఉంది తాతయ్యా అంది. 2002లో అమెరికాలో 24 మంది పెద్దవాళ్ళకు కొన్ని వారాలు పైన్ బెరడు, కొన్ని వారాలు మిథైల్‌ఫెనిడేట్ అనే డాక్టర్ల మందు, కొన్ని వారాలు ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. పైన్ బెరడు ఉత్తుత్తి బిళ్ళను దాటలేదు. ఇక్కడ నేను ఎగిరి గంతేసి "చూశావా, మోసం" అనబోయాను. "ఆగు తాతయ్యా, ఆ పరీక్షలో డాక్టర్ల మందు కూడా దాటలేదు" అంది. ఎంతమందీ, ఎన్ని రోజులూ అని చూస్తే కొలత చిన్నది. చిన్న కొలబద్దతో పెద్ద ఓడను కొలిచి తీర్పు చెప్పకూడదని ఆ పిల్ల నాకు, నా వృత్తి పాఠాన్నే, తిరిగి చెప్పింది. డాక్టర్ల మందుల మీద తరవాత పెద్ద కొలతలు వచ్చాయి. 2018లో 133 పరీక్షలను కలిపి చూసినవాళ్ళు, పెద్దవాళ్ళలో కూడా ఆ మందులు ఉత్తుత్తి బిళ్ళ కంటే మేలని తేల్చారు. మొక్కల సారాలకు అంత పెద్ద కొలత ఇంకా దక్కలేదు.

మిగతావి క్లుప్తంగా చెప్పేస్తాను. గింకోను ఇరాన్‌లో 50 మంది పిల్లల మీద డాక్టర్ల మందుతో పోల్చారు, 2010లో; వెనకబడింది. బ్రహ్మిని ఆస్ట్రేలియాలో 112 మంది మగపిల్లలకు 14 వారాలు ఇచ్చారు, 2022లో అచ్చయింది. అసలు లక్షణాల్లో ఉత్తుత్తి బిళ్ళకూ దానికీ తేడా లేదు. నోని మీద, పెద్దల ఏడీహెచ్‌డీకి పనిచేసిందని ఒక్క పరీక్ష చూపించమని ఆయన్ను అడిగాను. ఆ తరవాత నా ఫోను ఎత్తడం మానేశాడు.

5. కాపలా ఎక్కువైనా ఇంటికి చేటే.

ఓడ అడుగున జింకు బిళ్ళలు బిగిస్తాం. ఉప్పునీళ్ళు ఇనుమును తినబోతే, జింకు అడ్డుపడి తాను కరిగిపోతుంది. డ్రై డాక్‌కు వచ్చిన ప్రతి ఓడకూ అరిగిన బిళ్ళలు తీసి కొత్తవి వేయడం నా పనుల్లో ఒకటి. యాంటీఆక్సిడెంట్ చేసేదీ ఇంచుమించు అదే. తాను ఖర్చయి ఇంకొకదాన్ని కాపాడడం. ఈ పోలిక నాకు నేనే చెప్పుకుని మురిసిపోయాను కూడా.

కొత్తగా చేరిన రోజుల్లో మాకొక చెక్క పడవ వచ్చింది. దాని యజమాని భయస్థుడు, ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ జింకు బిగించుకున్నాడు. మేకులు నవనవలాడుతున్నాయి. వాటి చుట్టూ ఉన్న చెక్క మాత్రం తడిసిన అట్టలా మెత్తబడి, వేలితో పొడిస్తే ఊడివస్తోంది. రక్షణ మితిమీరితే లోహం చుట్టూ క్షారం పేరుకుని చెక్కను తినేస్తుంది. మా పెద్ద మేస్త్రీ ఆ చెక్క ముక్క నా అరచేతిలో పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అరవై దాటాక ఆ ముక్క నాకు గుర్తుకు రాలేదు, చూశారా.

యాంటీఆక్సిడెంట్లతోనూ అలాంటిదే జరిగింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళకు, క్యాన్సర్ రాకుండా చూస్తుందేమోనని క్యారెట్ రంగులో ఉండే బీటా కెరోటిన్ బిళ్ళలు, విటమిన్ ఇ బిళ్ళలు ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలు వచ్చేసరికి బీటా కెరోటిన్ మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. క్యారెట్ కూర తినేవాడికి దీంతో భయం లేదు. సారం తీసి బిళ్ళగా మింగేవాడు ఆలోచించుకోవాలి.

నా ఒంటి మీద జరిగింది చిన్నదే గాని చెబుతాను. కొడుక్కు తోడుగా ఉంటుందని నేనూ రోజుకు రెండుసార్లు నోని తాగేవాణ్ణి. నాకు బీపీకి లోసార్టాన్ బిళ్ళ ఉంది. ఆ బిళ్ళ ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతుంది, నోని రసంలో పొటాషియం దండిగా ఉంటుంది. రెండూ కలిస్తే ఏమవుతుందో మామూలు రక్తపరీక్షలో బయటపడింది. "ఏం తాగుతున్నారు?" అని డాక్టరు మూడుసార్లు అడిగాడు. మూడోసారికి గాని నేను చెప్పలేదు. పండ్లరసమే కదా, మందుల లెక్కలో ఎందుకు చెప్పాలి అనుకున్నాను. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు దీని జోలికే వెళ్ళకూడదట. గింకో కూడా అంతే, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్ళకు పనికిరాదు.

6. బాగుపడ్డప్పుడు కూడా కారణం తొందరపడి చెప్పకు.

నోని మొదలుపెట్టిన రెండు నెలలకు మావాడు నిజంగానే కుదురుకున్నాడు. బుకింగులు తప్పలేదు. కరెంటు బిల్లు గడువులోగా కట్టాడు. నేను ఊరంతా చెప్పుకున్నాను, ఇంకో ముగ్గురి చేత సీసాలు కొనిపించాను. ఆ ముగ్గురికి ఈ రోజుకూ ముఖం చూపించలేను.

ఆ తరవాత కంటి ఆపరేషనుకు నేను విశాఖలో మా అక్క ఇంట్లో నెల పైన ఉండవలసి వచ్చింది. సీసాలు సరిపడా కొని పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పాత కథే. రెండు బుకింగులు తారుమారు, స్కూటరు తాళాలు పోయాయి. "రసం మానేశాడా?" అని కోడల్ని అడిగాను. ఆ అమ్మాయి మాటకారి కాదు. పాల లెక్క రాసే పుస్తకం తెచ్చి చూపించింది. రోజూ తాగించింది, టిక్కులు పెట్టింది. "మావయ్యా, మీరున్నప్పుడు పొద్దున్నే ఇద్దరూ గ్లాసులు పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. ఈరోజు ఏ బోటు, ఎవరికి టికెట్లు, ఎవరు డబ్బివ్వాలి అని మీరు అడుగుతుంటే ఆయన చెబుతూ రాసుకునేవారు. మీరు లేరు, రసం ఉంది" అంది.

ఆ వాసన దిగమింగడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంట ఊరికే ఉండలేక నేను వాడి పని గురించి అడిగేవాణ్ణి. అంతే జరిగింది. నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్న కొడుకుతో పావుగంట కూర్చోవడానికి నాకు వెయ్యీ రెండువందల సీసా సాకు కావలసి వచ్చింది.

7. చిన్న అక్షరాలే ముందు చదవాలి.

సీసా మీద చెట్టు బొమ్మ, మెదడు బొమ్మ పెద్దవి. అడుగున, నా భూతద్దానికి కూడా పనిచెప్పే సైజులో, ఔషధంగా వాడటానికి కాదు అని ఇంగ్లీషులో ఉంది. ఆహార భద్రత సంస్థ 2016లో చేసిన నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లన్నిటి మీదా ఆ మాట ఉండాలి. ఉంది. చట్టం తన పని తాను చేసింది. ఆయన నోటితో చెప్పినదానికీ, సీసా రాతతో చెప్పినదానికీ మధ్య ఉన్న తేడాలో రెండున్నరేళ్ళు నేను కాపురం ఉన్నాను.

8. సాక్ష్యం చెప్పవలసిన రోజు ఒకటి వస్తుంది.

కొడుకే ముందడుగు వేశాడు, నేను కాదు. ఒక రాత్రి కౌంటరు మూసి 14416కు ఫోన్ చేశాడు. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన ఉచిత లైను. మన భాషలోనే మాట్లాడతారు. వాళ్ళు చెప్పిన మీదట మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామన్నాడు. అప్పుడు నా నోట వచ్చిన మాట: "ఎవరైనా చూస్తే?" ఇంత చిన్న ఊరు, ఆసుపత్రి వరండాలో తెలిసిన ముఖం తగలకుండా పది అడుగులు వేయలేం. ఆలోచించి చూసుకుంటే, ఇన్నాళ్ళూ సీసాలు కొన్నది వాడి మతిమరుపుకు కాదేమో. ఈ వరండాను తప్పించుకోవడానికి కొన్నాను. సీసా ఇంటికే వస్తుంది, ఎవరూ చూడరు.

డాక్టరమ్మ వయసులో నా కూతురంత ఉంటుంది. ముందు బీపీ, నాడి చూసింది, థైరాయిడ్ పరీక్ష రాసింది, నిద్ర గురించి అడిగింది. దిగులు జబ్బు ఉందేమోనని చాలాసేపు తరచి చూసింది. ఇవన్నీ మతిమరుపు వేషంలో రావచ్చట. అప్పుడు నా వైపు తిరిగింది. "పన్నెండేళ్ళ లోపు ఎలా ఉండేవారో మీరు చెప్పాలి అంకుల్. పెద్దయ్యాక నిర్ధారించాలంటే అప్పటి నుంచే ఉందని తెలియాలి."

నేను నోరు తెరిచాను. గొడుగులు, చెప్పులు, చింతబరికె. అంతకు మించి ఏమీ లేదు. ఏ వయసులో మాటలు వచ్చాయి, తరగతిలో ఎవరి పక్కన కూర్చునేవాడు, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగేవాడా అని ఆవిడ అడుగుతూ పోయింది. నాకు తెలియదు. ఏ ఓడ ఏ సంవత్సరం ఏ నెలలో డాక్‌కు వచ్చిందో అడిగితే చెప్పగలను. ఇవన్నీ తెలిసిన మనిషి, వాళ్ళమ్మ, పోయి ఏడేళ్ళయింది. ప్రోగ్రెస్ కార్డులు వెతికితే ట్రంకుపెట్టెలో చెదలు తిన్న అంచులు మిగిలాయి. చివరికి రిటైరైన వాడి మూడో తరగతి టీచరమ్మ ఫోన్లో సాక్ష్యం చెప్పింది. "కిటికీ పక్కన కూర్చోపెడితే పాఠం పోయేది, నా బల్ల పక్కన కూర్చోపెడితే ఫస్టు మార్కులు" అంది. ముప్పై ఏళ్ళ కిందట ఆవిడ బల్ల జరిపి చేసిన వైద్యం, నాకు అప్పుడెవరైనా చెప్పి ఉంటే అని ఇప్పుడు అనుకోవడం దండగ. ఆవిడ చెప్పే ఉంటుంది. నేను డ్యూటీలో ఉండి ఉంటాను.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. కోడలు ఏమీ మాట్లాడలేదు. నా చొక్కా జేబులో కుక్కి ఉన్న చీటీల కట్ట వైపు మాత్రం ఒకసారి చూసింది.

ఇప్పుడు మావాడు డాక్టరు రాసిన బిళ్ళ వేసుకుంటున్నాడు, నెలకొకసారి బీపీ చూపించుకుంటున్నాడు. బుకింగు చెప్పిన నిమిషంలోనే ఫోన్లో ఎక్కిస్తున్నాడు, చీటీలు బంద్. పొద్దుటి పావుగంట మాత్రం అలాగే ఉంది, ఫిల్టర్ కాఫీతో. గొడుగులు ఇంకా పోతూనే ఉన్నాయి.

9. కూరను కూరగానే తినాలి.

మొక్కల మీద నాకు కోపం లేదు. పెరట్లో గోంగూర ఉంది, మునగ ఉంది, జామ ఉంది. మెయిన్‌ల్యాండ్ నుంచి కూరగాయల ఓడ ఆలస్యమైన వారాల్లో మమ్మల్ని ఆదుకునేవి అవే. యాంటీఆక్సిడెంట్లు కావాలంటే వాటిలో కావలసినన్ని. అవి తిన్నవాడు ఆరోగ్యంగా ఉంటాడు. అవి తింటే బోటు టికెట్ గుర్తుంటుందని మాత్రం ఎవరికీ చెప్పను. ఎవరైనా సప్లిమెంట్ వాడతానంటే వద్దని కూడా అనను. వాడుతున్న సంగతి డాక్టరుకు మొదటిసారి అడిగినప్పుడే చెప్పమంటాను.

మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద విప్పని నోని సీసా ఒకటి దొరికింది, గడువు దాటి ఏడాది. పారబోయడానికి మనసొప్పలేదు, వెయ్యీ రెండువందలు. పెరటి షెడ్డు తాళం ఉప్పుగాలికి బిగుసుకుపోయి ఉంది. పులుపు తుప్పును కొరుకుతుందని డాక్‌యార్డులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ రసం ఒక పాత డబ్బాలో పోసి తాళాన్ని రాత్రంతా అందులో పడేశాను. పొద్దున తీసి గుడ్డతో తుడిస్తే తుప్పు పొరలు పొరలుగా ఊడివచ్చింది.

మావాడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తుప్పు వదిలిస్తుందన్నాడుగా నాన్నా, వదిలించింది. ఏ తుప్పో మనమే అడగలేదు" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. సీసా మీద ఏం రాసుందో మళ్ళీ ఒకసారి చూద్దామని భూతద్దం కోసం వెతికాను. అరుగు మీద లేదు, అల్మరాలో లేదు, చొక్కా జేబులోనూ లేదు. ఎక్కడ పెట్టానో ఎంతకూ గుర్తుకు రాలేదు.